మాత్ర మానవద్దు

హెచ్.ఐ.వి. సోకకుండా ముందుజాగ్రత్తగా రోజూ వేసుకునే మాత్రను ప్రెప్ అంటారు. టెనోఫోవిర్, ఎంట్రిసిటబిన్ అనే రెండు మందుల కలయిక ఇది. ఆరు దేశాలలో 2,499 మందితో సాగిన ఐప్రెక్స్ పరిశోధన ఫలితాలు 2010లో వెలువడినవి. రక్షణ మొత్తం మీద 44 శాతమే! లోపం మందుది కాదు. పలువురి రక్తంలో దాని జాడే కనిపించలేదు.

మాత్ర మరపునకు వచ్చే కారణాలలో మద్యం ఒకటి. నిజానికి ఈ మందుకూ మద్యానికీ రసాయనికంగా వైరం లేదు. అయినా, తాగిన నాడు మాత్ర వేసుకుంటే విషమవుతుందని భయపడి మానివేసేవారు ఉన్నారు. కండోమ్ సంగతి మరచే ప్రమాదం కూడా ఆ రాత్రే ఎక్కువ. రెండు రక్షణలూ ఒకేసారి సడలుతాయన్నమాట.

కాబట్టి వైద్యులు మొదట చెప్పవలసినది ‘తాగినా మాత్ర మానవద్దు’ అని మేము భావిస్తున్నాము. పెద్దలకు ఇది రుచించకపోవచ్చును. రాత్రి వేసుకునే మాత్రను ఉదయం కాఫీ వేళకు మార్చుకుంటే సగం చిక్కు తీరుతుంది.

తాగుడు తగ్గించే యత్నమూ వెంట సాగవలసిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘ఆడిట్’ ప్రశ్నావళిలో ఉన్నవి 10 ప్రశ్నలే. 40 మార్కులకు 8 గాని, అంతకు మించి గాని వస్తే ప్రమాద సూచన. ప్రెప్ వాడేవారు మూత్రపిండాల పరీక్షకు ఎలాగూ వస్తారు. ఆ పది ప్రశ్నలూ అప్పుడే అడగవచ్చును.