వారానికో రోజు పొయ్యికి సెలవు



ఈ వారం ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. ఆదివారం మీ ఇంట్లో ఎవరికి సెలవు? ఆయనకి ఆఫీసు ఉండదు. పిల్లలకి స్కూలు ఉండదు. మరి మనకి? ఆ రోజే కదండీ టిఫిన్లు రెండు రకాలు కావాలి, మధ్యాహ్నం స్పెషల్ కావాలి, నాలుగింటికి పకోడీలు కావాలి! ఇక మా అన్నవరం వాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏకాదశి అయినా, పౌర్ణమి అయినా, పెళ్ళిళ్ళ రోజులైనా కొండమీద వ్రతానికని చుట్టాలు దిగుతారు. వ్రతం వాళ్ళది, పుణ్యం వాళ్ళది, గిన్నెలు మనవి. వచ్చినవాళ్ళ మీద కోపం కాదండోయ్, స్వామి దయవల్ల నలుగురు గుమ్మంలోకి రావడం మంచిదే. ఊరికే లెక్క చెబుతున్నాను.

వారంలో ఒక రోజు పొయ్యి వెలిగించకపోవడమే నియమంగా పెట్టుకున్నవాళ్ళు మన రాష్ట్రంలోనే ఉన్నారని మీలో ఎంతమందికి తెలుసు? గుంటూరు నుంచి పొన్నూరు వెళ్ళే దారిలో చేబ్రోలు వస్తుంది. బ్రహ్మదేవుడి గుడి ఉన్న ఊరు. దాని పక్కనే కొత్తరెడ్డిపాలెం. అక్కడ తెలుగు మాట్లాడే యూదులున్నారు. ఆశ్చర్యపోకండి, నిజమే! యూదుల ప్రార్థనామందిరాన్ని సినగాగ్ అంటారు. ఆ ఊళ్ళో సినగాగ్ 1991లో మొదలయింది. వీళ్ళు తమని 'బెనే ఎఫ్రాయిమ్' అని చెప్పుకుంటారు, అంటే ఎఫ్రాయిమ్ సంతానం అని.

యూదులంటే ఇజ్రాయెల్లోనో అమెరికాలోనో ఉంటారనుకుంటాం. మన దేశంలోనూ వందల ఏళ్ళుగా ఉన్నారు. కొచ్చిలో మట్టాంచేరి దగ్గర 1568లో కట్టిన సినగాగ్ ఇప్పటికీ ఉంది. బొంబాయి, కొంకణం వైపు 'బెనే ఇజ్రాయెల్' అనే వాళ్ళున్నారు. పూర్వం నూనె గానుగలు ఆడేవాళ్ళు. శనివారం గానుగ ఆపేస్తారు కాబట్టి ఊళ్ళో వాళ్ళని 'శనివార్ తేలీ'లు, అంటే శనివారం తెలికలవాళ్ళు అని పిలిచేవారట. పేరు చూశారా? ఏం పని చేస్తారో దాంతోపాటు, ఏ రోజు చెయ్యరో అది కూడా పేరులోకి వచ్చేసింది!

మన కొత్తరెడ్డిపాలెం వాళ్ళ కథ వేరు. వీళ్ళు మాదిగ కుటుంబాల వాళ్ళు. ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. అంతకు ముందు తరాలు చర్చికి వెళ్ళినవాళ్ళే. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు 1980లలో, మన పూర్వీకులు ఇజ్రాయెలు నుంచి చెదిరిపోయిన తెగలలో ఒకరని చెప్పడం మొదలుపెట్టారు. క్రీస్తుకు పూర్వం ఎనిమిదో శతాబ్దంలో అస్సీరియా రాజులు ఆ దేశాన్ని జయించినప్పుడు పది తెగల వాళ్ళు చెల్లాచెదురయ్యారని యూదుల కథ. చచ్చినవాళ్ళని పూడ్చిపెట్టడం వంటి తమ పాత ఆచారాలు దానికి ఆనవాళ్ళని వీళ్ళు అంటారు. చరిత్రకారులు రాతపూర్వకమైన ఆధారాలు అడుగుతారు. ఈశాన్యంలోని మిజోరాం, మణిపూర్‌ల బెనే మెనషే వాళ్ళని 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఒకరు గుర్తించారు. రబ్బీ అంటే వాళ్ళ మతగురువు. మన తెలుగువాళ్ళకి మాత్రం అలాంటి గుర్తింపు రాలేదు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ ఊరివాళ్ళ జీవితం మీద పుస్తకమే రాశారు. 2013లో ఇంగ్లీషులో అచ్చయింది.

ఆ వాదన పండితులకి వదిలేద్దాం. మనకి కావలసింది వాళ్ళ వారం ఎలా గడుస్తుందన్నది.

న్యూయార్కు లాంటి చోట్ల యూదుల కమ్యూనిటీ సెంటర్లంటే పెద్ద పెద్ద భవనాలు. అక్కడ 1874లో మొదలైన ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. ఉపన్యాసాలు, సంగీతం, పిల్లల బడి, వ్యాయామశాల, అన్నీ ఒక్క కప్పు కిందే! కొత్తరెడ్డిపాలెంలో అంత వైభవం ఎక్కడిది? ఉన్న ఆ చిన్న మందిరమే గుడి, అదే బడి, అదే నలుగురు కలుసుకునే చావడి. పిల్లలకి హీబ్రూ అక్షరాలు నేర్పేది అక్కడే. మన అ, ఆ లాగే వాళ్ళకి ఆలెఫ్, బేత్. కాకపోతే కుడి నుంచి ఎడమకి రాయాలి. పొద్దంతా పొలాల్లో వంగి పనిచేసిన తల్లి, సాయంత్రం తన పిల్ల నోట మూడువేల ఏళ్ళనాటి భాషలో అక్షరాలు వింటుందంటే, ఆ తల్లి మనసు ఎలా ఉంటుందో మనం ఊహించుకోగలం కదా!

ఇక శుక్రవారం. యూదులకి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. కాబట్టి శనివారపు విశ్రాంతి శుక్రవారం సాయంత్రమే వచ్చేస్తుంది. దాన్ని 'షబ్బాత్' అంటారు. పొద్దు కుంకడానికి 18 నిమిషాల ముందే ఇంటి ఇల్లాలు రెండు కొవ్వొత్తులు వెలిగించి, చేతులతో కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంది. ఆ తర్వాత శనివారం రాత్రి ఆకాశంలో మూడు నక్షత్రాలు కనిపించేదాకా నిప్పు ముట్టించకూడదు. వంట చెయ్యకూడదు, రాయకూడదు, కుట్టకూడదు. ఇలా 39 రకాల పనులు నిషేధం. శనివారం పొద్దున మందిరంలో కలుస్తారు. వాళ్ళ ధర్మశాస్త్రమైన తోరాని 54 భాగాలు చేసి వారం వారం చదువుతూ ఏడాదికి పూర్తి చేస్తారు. ఏ దేశంలో ఉన్నా సాధారణంగా ఆ వారానికి అదే భాగం. రాత్రి నక్షత్రాలు కనబడ్డాక లవంగాల్లాంటి సుగంధద్రవ్యాలు వాసన చూసి సెలవుకి వీడ్కోలు చెబుతారు. మంచి రోజు వెళ్ళిపోతోందన్న దిగులు ఆ పరిమళంతో పోతుందట. ఎంత ముచ్చటైన ఆచారమో!

మరి శనివారం తిండి ఎలా అంటారా? అంతా శుక్రవారమే వండెయ్యాలి. చలిదేశాల వాళ్ళు పప్పులు, మాంసం, దుంపలు కలిపి కుండలో పెట్టి, సన్నని సెగ మీద రాత్రంతా మగ్గనిస్తారు. మన తెలుగుదేశంలో ఆ బాధ కూడా లేదు. పులిహోర కలిపి ఉంచితే మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుంది. రాత్రి అన్నంలో పాలు పోసి తోడుపెడితే పొద్దున్నకి చద్దన్నం సిద్ధం. జాడీలో ఆవకాయా గోంగూరా ఎలాగూ ఉండనే ఉన్నాయి. షబ్బాత్ పాటించడానికి మన వంటిల్లే అనువైనదని నాకనిపిస్తుంది!

ఇంతవరకూ వింటే హాయిగా ఉంది. ఇప్పుడు అసలు కష్టం చెబుతాను.

రోజుకూలితో బతికే ఇంట్లో శనివారం పనికి వెళ్ళకపోతే ఆ రోజు డబ్బులు రావు. మిరప కోతలప్పుడు, వరి నాట్లప్పుడు కూలీలు ముఠాగా వెళ్తారు. "మేం శనివారం రామండీ" అంటే ఆసామి ఇంకొకరిని పిలుచుకుంటాడు. సోమవారం వెళ్ళినా ఆ చోటు ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకే కొత్తరెడ్డిపాలెంలో మనసులో ఎంత ఉన్నా అందరూ ప్రతి శనివారం పని మానలేరు. కొందరు మందిరానికి, కొందరు పొలానికి. పొలానికి వెళ్ళినవాళ్ళకి భక్తి తక్కువని మనమెవరం అనడానికి? దేవుడు సెలవు ఇచ్చాడు, కానీ ఆ రోజు కూలి ఎవరిస్తారు?

ఇంకో సంగతి. ఆ విశ్రాంతి ఆజ్ఞ బైబిలు పాత నిబంధనలో, పది ఆజ్ఞలలో ఉంటుంది. ఎవరెవరు పని చెయ్యకూడదో వరసగా చెబుతుంది. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువులు, చివరికి నీ ఊళ్ళో ఉన్న పరదేశి కూడా. మళ్ళీ ఒకసారి చదవండి. ఎవరి పేరు లేదు? భార్య పేరు! ఎద్దు ఉంది, గాడిద ఉంది, ఇల్లాలు లేదు. పండితులనేది ఏమిటంటే, 'నువ్వు' అన్న మాటలోనే భార్యాభర్తలిద్దరూ ఉన్నారని. సరే, ఒప్పుకుందాం. అయితే నాదొక చిన్న మనవి. ఆ 'నువ్వు'లో ఇద్దరూ ఉంటే శుక్రవారం పనిలో కూడా ఇద్దరూ ఉండాలి కదా! రెండు రోజుల వంట ఒక్క రోజులో చేసి, ఇల్లు కడిగి, బట్టలుతికి, నడుం పడిపోయాక వచ్చే విశ్రాంతి సెలవు కాదండీ, అరువు. ముందురోజు వడ్డీతో సహా కట్టేసిన అరువు.

అయినా ఆ వరసలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. దాసి. వేల ఏళ్ళ క్రితమే, యజమానురాలికి ఏ రోజు సెలవో పనిమనిషికీ అదే రోజు సెలవని రాసుకున్నారు. మనం కనుమ నాడు ఎద్దుకి సెలవిస్తాం. కనుమ నాడు కాకి కూడా కదలదని సామెత కూడా చెప్పుకుంటాం. మరి మన ఇంట్లో అంట్లు తోమే ఆవిడ? ఆవిడ కదలదా? కనుమ నాడు చుట్టాలున్నారని ఓ గంట ముందే రమ్మనం? ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకి 1948 చట్టంలోనే వారానికో సెలవు రాశారు. ఇళ్ళల్లో పనిచేసే ఆవిడకి ఫ్యాక్టరీ గేటు లేదు, హాజరు పట్టీ లేదు. ఆ సెలవు ఆవిడ గుమ్మం దాకా రానేలేదు.

మనకి విశ్రాంతి లేదని మనం బాధపడతాం. అది నిజమే. కానీ మన విశ్రాంతి ఇంకొకరి నడుం మీద పెడితే అది పుణ్యం కాదు. కొత్తరెడ్డిపాలెం కూలితల్లులని చూసి నేను నేర్చుకున్నది ఇదే. సెలవంటే తీరిక ఒక్కటే కాదు, ఆ రోజు డబ్బు కూడా. జీతం కొయ్యకుండా ఇస్తేనే సెలవు.

ఇదంతా మాటలతో సరిపెట్టను, మన పేజీలో వంట లేకపోతే మీరు ఊరుకుంటారా? పొయ్యి వెలిగించక్కర్లేని తీపి చెబుతాను. ఇది కొంకణం యూదులది, పేరు 'మలీదా'. మనం మొక్కు తీరాక సత్యనారాయణ వ్రతం చేసుకున్నట్టు, వాళ్ళు కోరిక తీరితే ఏలియా ప్రవక్తని తలుచుకుని మలీదా పంచుతారు. మనది గోధుమ నూక ప్రసాదం, వాళ్ళది అటుకుల ప్రసాదం.

కావలసినవి: పావుకిలో అటుకులు, ఒక కొబ్బరికాయ తురుము, 150 గ్రాముల పంచదార లేదా మెత్తగా తురిమిన బెల్లం, ఆరు ఏలకుల పొడి, గుప్పెడు జీడిపప్పు, బాదం, కిస్మిస్, ఏవైనా ఐదు రకాల పళ్ళు.

అటుకులు చిల్లుల గిన్నెలో వేసి, నీళ్ళు పోసి వెంటనే వంచెయ్యండి. నానబెట్టారంటే ముద్దయిపోతుంది. పది నిమిషాలు ఆరాక కొబ్బరి, పంచదార, ఏలకుల పొడి, పప్పులు వేసి వేళ్ళ చివరలతో తేలిగ్గా కలపండి. పళ్ళెంలో గుట్టగా పోసి చుట్టూ పళ్ళ ముక్కలు పేర్చండి. కొబ్బరి ఉంది కాబట్టి ఏ పూటకి ఆ పూటే తినెయ్యాలి. దీన్ని పిల్లలూ కలపగలరు, వాళ్ళ నాన్నగారూ కలపగలరు. ఆ పని వాళ్ళకే అప్పగించండి!

ఇక మీకో పని. నెలకి నాలుగు రోజులు, జీతం కొయ్యకుండా, మీ ఇంట్లో పనిచేసే ఆవిడకి సెలవివ్వండి. ఆ రోజు అంట్లు ఇంట్లో అందరూ తలా కాసిని తోముకోండి. ఏ వారం, ఏ రోజు అన్నది మీరే నిర్ణయించెయ్యకండి. ఆవిడనే అడగండి. ఆవిడ ఏ రోజు అడిగిందో, ఎందుకు ఆ రోజే కావాలందో నాకు తప్పకుండా ఉత్తరం రాయండి.