గేముకి తాళం వేసిందెవరు?

“గేములాడాలంటే విండోస్ తప్ప దిక్కులేదు” అనే మాట ఇక మానండి జనాబ్. 2018కి ముందైతే నేనూ ఒప్పుకునేవాణ్ణి. ఆ ఏడాది వాల్వ్ కంపెనీ ప్రోటాన్‌ని తెచ్చింది. విండోస్ కోసం రాసిన గేము ఏం అడుగుతోందో లినక్స్‌కి తర్జుమా చేసి చెప్పే దుబాసీ అది. ఉర్దూలో చదివి తెలుగులో రాసి బతికేవాణ్ణి, దుబాసీ విలువ నాకు తెలుసు. 2022లో వచ్చిన స్టీమ్ డెక్‌లో విండోస్ గేములు నడిచేది దీని వల్లే. మా ఇంటి కంప్యూటర్‌కీ లినక్స్ ఎక్కించాను. మా చోటా మియా ఎల్డెన్ రింగ్ మజాగా ఆడుతున్నాడు.

మరి ఫోర్ట్‌నైట్ ఎందుకు రాదు? ఇక్కడే ఉంది తమాషా. దొంగాట పట్టే ఈజీ యాంటీ-చీట్ ఎపిక్ వాళ్లదే. అది స్టీమ్ డెక్ లాంటి లినక్స్ మెషిన్లలోనూ పనిచేస్తుందని 2021లో ఎలాన్ చేసిందీ వాళ్లే. ఎల్డెన్ రింగ్‌కి కాపలా కాసేదీ అదే. తమ సొంత గేముకి మాత్రం తలుపు తియ్యరు! చేతకాక కాదు, మర్జీ లేక. ఏపెక్స్ లెజెండ్స్ అయితే తెరిచిన తలుపునే 2024లో మూసేసింది. దొంగాటగాళ్లు లినక్స్ నుంచి వస్తున్నారట. విండోస్‌లో అందరూ ఔలియాలేనా భాయ్?

విండోస్ 10 మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఖతం. టీపీఎం 2.0 లేదన్న వంకతో నిక్షేపంగా నడిచే మెషిన్లు కబాడీవాలా పాలవుతున్నాయి. గేముల బహానాతో ఆ ఖర్చుకి తలూపేవాళ్ల మీదే నా గుస్సా.

వాలరెంట్ లేనిదే నిద్రపట్టదంటే మారకండి, సాఫ్‌గా చెప్తున్నా. మిగతావాళ్లు తమ గేముల పేర్లు ప్రోటాన్‌డీబీలో చూసుకోండి. గుబులుంటే విండోస్‌ని పాత డిస్క్‌లోనే ఉంచి, లినక్స్‌ని వేరే ఎస్ఎస్‌డీలో ఎక్కించుకోండి.