ఆదోని రేడియోలో ఎవరి గొంతు?

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్.ఎం. ఛానళ్ళ వేలానికి ఆమోదం తెలిపింది. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 22 పట్టణాలు, 68 ఛానళ్ళు. ఆ జాబితాలో ఆదోని ఉంది, ఎమ్మిగనూరు లేదు. మాతృభాషలో స్థానిక కార్యక్రమాలు పెరుగుతాయని ప్రభుత్వం చెప్పింది.

ఏది స్థానికం అన్నదే నా ప్రశ్న. వేలంలో పాడుకున్న కంపెనీకి పెట్టుబడి తిరిగి రావాలంటే ప్రకటనలే దారి. అవి ఇచ్చేది బంగారు కొట్లు, బట్టల దుకాణాలు, ప్రైవేటు కాలేజీలు. జిన్నింగు మిల్లులో పత్తి దుమ్ము పీల్చే స్త్రీ, ఎమ్మిగనూరులో మగ్గం పక్కన కండెలు చుట్టే స్త్రీ (ఆమె శ్రమ మగ్గం మీది మగవాడి కూలిలోనే కలిసిపోతుంది), పిల్లల్ని ముసలివాళ్ళకు వదిలి మిరపకాయల కోతకు గుంటూరు వైపు వలసపోయే స్త్రీ, వీళ్ళెవరూ ప్రకటనదారుల లెక్కలోకి రారు. కన్నడం కలిసిన వీళ్ళ యాస నవ్వించడానికి మాత్రం పనికొస్తుంది. పాటకూ పాటకూ మధ్య భార్యల మీద జోకులు మనం వింటున్నవే కదా! ఇక వార్తలంటారా, ఆకాశవాణి బులెటిన్లు తప్ప ప్రైవేటు ఎఫ్.ఎం. సొంతంగా వార్తలు చెప్పకూడదు.

రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే తీర్పు చెప్పింది. ఆ ప్రజల్లో తామూ ఉన్నామని నిరూపించింది జహీరాబాద్ ప్రాంతపు దళిత స్త్రీలు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలకు మాచనూరులో యునెస్కో సాయంతో 1998లోనే స్టూడియో ఏర్పడింది. లైసెన్సు లేదు. వాళ్ళు చేతులు ముడుచుకు కూర్చోలేదు. విత్తనాల గురించి, తిండి గురించి, పాటలూ మాటలూ తమ భాషలోనే రికార్డు చేసి, ఆ క్యాసెట్లను సంఘాల్లో వినిపించారు. స్వచ్ఛంద సంస్థలకు 2006లో అనుమతి వచ్చాక, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది.

కమ్యూనిటీ రేడియోకూ సొంత వార్తలు చెప్పే హక్కు లేదు. దానిమీద పోరాడవలసిందే. అయితే 2024 ఫిబ్రవరి మార్గదర్శకాల ప్రకారం కార్యక్రమాలను నిర్ణయించే కమిటీలో కనీసం సగం మంది స్త్రీలుండాలి. ఆ సగంలో అధికారుల భార్యలు కూర్చుంటారా, కూలి స్త్రీలు కూర్చుంటారా అన్నది దరఖాస్తు పెట్టే సంస్థను బట్టి ఉంటుంది. మూడేళ్ళుగా పనిచేస్తున్న, లాభాపేక్ష లేని రిజిస్టరు సంస్థలు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇలాంటి స్టేషను చుట్టుపక్కల కొద్ది కిలోమీటర్ల దాకానే వినిపిస్తుంది కాబట్టి ఆదోనికి ఒకటి, ఎమ్మిగనూరుకు ఒకటి కావాలి. ఆ రెండు చోట్లా పనిచేస్తున్న మిత్రులు ముందుగా ఈ మాట సంఘాల్లో పెట్టాలి, వలసలు మొదలయ్యేలోపే.