మనిషి లేని సంతకం

పోయిన నెల బాన్సువాడలో మన సంఘం ఆఫీసుకు ఒక రైతు రెండు కాగితాలు పట్టుకొచ్చాడు. ఒకటి స్టాంపు కాగితం మీద టైపు చేసిన అఫిడవిట్. తన వాటా రెండెకరాల మీద తనకు ఏ హక్కూ లేదని, అన్నకు ఇష్టపూర్తిగా వదిలేశానని అందులో ఉంది. కింద సంతకం, పక్కన నోటరీ ముద్ర, ‘నా ఎదుట సంతకం చేశారు’ అనే మాట. రెండోది ఆయన పాస్‌పోర్టు జిరాక్స్. ఆ అఫిడవిట్ మీదున్న తేదీన ఆయన దుబాయిలో పనిలో ఉన్నాడు. ఊరికి తిరిగొచ్చింది ఏడాదిన్నర తర్వాత.

ఆయన పేరు, ఊరు రాయడం లేదు. వ్యవహారం ఇంకా తేలలేదు. కానీ దుబాయిలో ఉన్న మనిషి బాన్సువాడ దిక్కు వచ్చి సంతకం ఎట్లా పెట్టాడనే ప్రశ్న ఆయన ఒక్కడిది కాదు. గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు మన దగ్గర ఏదుంది?

నోటరీ అంటే టైపు షాపు పక్కన స్టాంపు గుద్దే మనిషి అని మనలో చాలామంది అనుకుంటారు. కాదు. 1952 నోటరీల చట్టం కింద ప్రభుత్వం ఆయన్ను నియమిస్తుంది. ఎక్కువమంది ఏళ్ల తరబడి ప్రాక్టీసు చేసిన వకీళ్లే. ఆ ముద్రకు విలువ ఎందుకంటే, సంతకం పెట్టిన మనిషి తన ముందుకు వచ్చాడని, అతనెవరో తాను తెలుసుకున్నానని నోటరీ పూచీ పడుతున్నాడు. నోటరీ ముందు రాసిన పవర్ ఆఫ్ అటార్నీని కోర్టు సరైనదిగానే భావించి మొదలుపెడుతుందని సాక్ష్య చట్టం చెబుతోంది. అది అబద్ధమని రుజువు చేసే భారం మన నెత్తిన పడుతుంది.

ఇంకో మాట కూడా తెలిసి ఉండాలి. నోటరీ ముద్ర పడినంత మాత్రాన భూమి చేతులు మారదు. అమ్మకానికి రిజిస్ట్రేషన్ కావాలి. జీపీఏలు, అమ్మకపు ఒప్పందాలతో హక్కు బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అయినా ఒక తప్పుడు అఫిడవిట్ చాలు, తహసీల్ ఆఫీసు నుంచి కోర్టు దాకా మనిషిని ఏళ్లకేళ్లు తిప్పడానికి. ఆ తిరుగుడులోనే సగం భూమి ఖర్చైపోతుంది.

దీనికి శిక్ష లేదా? ఉంది. మన ఉమ్మడి రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఉంది. ఎం. వీరభద్రరావు వర్సెస్ టేక్‌చంద్ కేసులో 1984లో తీర్పు వచ్చింది. ఒక ఇంటి అమ్మకం వ్యవహారంలో, అమ్మిన మనిషి ఎదుట లేకుండానే అతని పేరుతో ఉన్న అఫిడవిట్‌ను ఒక వకీలు ధ్రువీకరించాడు. ఆ సంతకం దొంగది. ఇది చిన్న పొరపాటు కాదని, వృత్తికే మచ్చ అని భావించిన సుప్రీంకోర్టు ఆ వకీలును ఐదేళ్ల పాటు ప్రాక్టీసు నుంచి సస్పెండ్ చేసింది. నలభై ఏళ్ల కిందటి తీర్పు ఇది. మన కోర్టు ఆవరణల్లో దాన్ని గుర్తు చేసేవాళ్లే కరువయ్యారు.

ఫిర్యాదుకు రెండు దారులున్నాయి. ఒకటి, నోటరీని నియమించిన ప్రభుత్వం. నోటరీల నియమాల్లో 13వ నియమం కింద, ఫారం 13లో, ఏం జరిగిందో, ఏ ఆధారాలున్నాయో రాసి ఇవ్వాలి. విచారణలో తప్పు తేలితే నోటరీల జాబితా నుంచి పేరు తీసేయవచ్చు. రెండోది హైదరాబాద్‌లోని తెలంగాణ రాష్ట్ర బార్ కౌన్సిల్. 1961 అడ్వకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద క్రమశిక్షణ కమిటీ విచారిస్తుంది. మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపవచ్చు, పేరునే తొలగించవచ్చు. ఏడాదిలో తేల్చకపోతే ఫిర్యాదు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ కావాలని అదే చట్టం అంటోంది. ‘ఇది నోటరీ పని, మాకు సంబంధం లేదు’ అని ఒకరు, ‘ఆయన వకీలు కదా, అక్కడికి పొండి’ అని ఇంకొకరు తిప్పకుండా ఉండాలంటే, రెండు చోట్లా ఒకే రోజు ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవడం మంచిది.

పోలీసు కేసు దగ్గర ఒక అడ్డు ఉంది. నోటరీ తన నోటరీ పనిలో చేసిన నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని 13వ సెక్షన్ చెబుతోంది. నిజాయితీగా పనిచేసే నోటరీని ఉత్తుత్తి కేసుల నుంచి కాపాడడానికి ఈ సెక్షన్ పెట్టారు. కానీ ఆ అధికారి కదలకపోతే తప్పు చేసినవాడికీ అదే గొడుగు. దొంగ సంతకం పెట్టినవాడికి, పెట్టించినవాడికి మాత్రం ఆ గొడుగు లేదు. వాళ్ల మీద ఠాణాలో ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ఇక మన సంగతి. ఇరవై ఏళ్ల కింద మా అమ్మ మంచం మీద ఉన్నప్పుడు లోను పని పడింది. ఇంటి దగ్గరే ఆమెతో నిశానీ వేయించి, ఆ కాగితం పట్టుకుపోయి నోటరీ చేయించుకొచ్చాను. ఆయన అడిగింది ఒక్కటే: ‘మీ అమ్మేనా?’ అవునన్నాను. ముద్ర పడింది. ఎంత మంచి మనిషి అని ఊళ్లో నలుగురికి చెప్పాను కూడా. ఆ రోజు నేను అబద్ధం ఆడలేదు. కానీ నా స్థానంలో ఆ అన్న ఉంటే? అతనూ ‘మా తమ్ముడే’ అనే చెప్పి ఉంటాడు. నాకు మేలు చేసిన ఆ వెసులుబాటే ఇవాళ ఒక తమ్ముడి రెండెకరాలకు ఎసరు పెట్టింది. ఈ అలవాటును పెంచి పోషించినవాళ్లలో నేనూ ఉన్నాను.

కాబట్టి మొదలు మన నుంచే. మనిషి లేకుండా సంతకం అడగొద్దు. ఖాళీ స్టాంపు కాగితం మీద నిశానీ వేయొద్దు. నోటరీ దగ్గరికి పోతే రిజిస్టర్‌లో సంతకం పెట్టి, వరుస నంబరు రాసుకొని, ఫీజుకు రసీదు అడగండి. రసీదు ఇవ్వాలని నియమాల్లోనే ఉంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు అక్కడి భారత రాయబార కార్యాలయంలో సంతకం పెట్టి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. ఖర్చు, తిరుగుడు ఉన్నమాట నిజమే. భూమి పోతే అయ్యే ఖర్చుతో పోల్చుకోండి.

ప్రభుత్వాన్ని మనం అడిగేవి మూడు. నోటరీ రిజిస్టర్లను జిల్లా జడ్జి గానీ, ప్రభుత్వం నియమించిన అధికారి గానీ ఏడాదికి రెండుసార్ల దాకా తనిఖీ చేసే వీలు నియమాల్లో ఉంది. ఆ తనిఖీ కాగితం మీద కాకుండా కోర్టు ఊళ్లన్నింటిలో జరగాలి. నోటరీ సర్టిఫికెట్ ఐదేళ్లకోసారి రెన్యూవల్ అవుతుంది. ఫిర్యాదులు తేలకుండా రెన్యూవల్ చేయొద్దు. ఫారం 13 తెలుగులో, ప్రతి తహసీల్ ఆఫీసులో దొరకాలి.

ఇది వకీళ్ల మీద యుద్ధం కాదు. ఫీజు తీసుకోకుండా రైతుల కేసులు వాదించిన వకీళ్లు మనకు తెలుసు. మనిషి రాలేదు కాబట్టి ముద్ర వేయనని తిప్పి పంపే నోటరీలూ ఉన్నారు. అలాంటివాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. ఆ రోజు వాళ్లు కాపాడుతున్నది మన భూమినే.

ఆ దుబాయి రైతు ఫిర్యాదు రెండు చోట్లకూ రాసి పంపుతున్నాం. ఇలాంటి కాగితం మీ దగ్గరుంటే అసలు భద్రంగా దాచుకొని, జిరాక్స్‌తో సంఘం ఆఫీసుకు రండి. కూర్చుని రాద్దాం.