ఏ ఓడ మంచిది?



ఈ నెల మేము వ్రాసే సంగతి చూసి, "అయ్యగారికి ఏమైంది? పొలం పనులు వదిలి సముద్రంలో విహారయాత్రల గురించి వ్రాస్తున్నారేమిటి?" అని మీలో కొందరు నవ్వుకుంటారు. నవ్వుకోండి గాని, చివరివరకు చదవండి. ఇది ఓడల సంగతే అయినా ప్రతి ఇంటికీ పనికివచ్చే సంగతి.

మా సంఘంలో పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు ఉన్నారు. ఆయనకు వివాహమై నలభై సంవత్సరాలు నిండాయి. కుమార్తె అమెరికాలో నర్సు. అమ్మానాన్నలు తమ దగ్గరకు వచ్చినప్పుడు కరీబియన్ సముద్రంలో ఒక వారం ఓడ ప్రయాణం చేయించాలని ఆ అమ్మాయి, అల్లుడు రెండేళ్ళు డబ్బు కూడబెట్టారు. రెండు ఓడలు ఎంచి, "నాన్నా, రెండూ ఒకేలాగున్నాయి, ఏది మంచిదో మీరే తేల్చండి" అని ఫోనులో బొమ్మలు పంపింది. మాస్టారు ఆ ఫోను పట్టుకుని మా వసారాలోకి వచ్చి, "అయ్యగారూ, మీరు చెప్పండి" అన్నారు.

మేము ఎక్కిన వాటిలో పెద్దది గోదావరి మీద లాంచీ. అయినా ఎవరైనా ఏదైనా అడిగితే తెలియదని చెప్పడం మా బోటి వారికి కష్టం. బొమ్మలు రెండూ చూసి, "పెద్దదే మేలు మాస్టారూ, పెద్ద ఓడ అంతగా ఊగదు" అనేశాము. ఆ తొందర మాటను దిద్దుకోవడానికే ఈ నెల ఈ శీర్షిక.

ఆ రెండు ఓడలు ఒకే కంపెనీవి. రెండింటికీ యంత్రాలున్నా, గాలి అనుకూలిస్తే తెరచాపలెత్తి నడుస్తాయి. ఒకదాని పేరు స్టార్ ఫ్లయర్. 1991లో బెల్జియంలో కట్టారు. పొడవు సుమారు 115 మీటర్లు, నాలుగు స్తంభాలు, 16 తెరచాపలు, 166 మంది ప్రయాణికులు. రెండవది రాయల్ క్లిపర్. ఇది 2000లో వచ్చింది. పొడవు 134 మీటర్లు, ఐదు స్తంభాలు, 42 తెరచాపలు, 227 మంది ప్రయాణికులు. వెనుకటి ప్రాయిసెన్ అనే జర్మను సరుకు ఓడను చూసి దీనిని రూపొందించారు. ఈ రోజుల్లో విహార ఓడలు ఊళ్ళంతేసి అయ్యాయి. 2024లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అనే ఓడ నిండితే ఏడు వేలమందికి పైగా పడతారు. దానితో పోలిస్తే ఇవి రెండూ చిన్నవే, బొమ్మలో అక్కచెల్లెళ్ళలాగానే ఉంటాయి.

మా సంఘపు యువకుడొకడు విహార ఓడల భోజనశాలల్లో పనిచేస్తాడు. అప్పుడు సెలవు మీద ఇంటికి వచ్చి ఉన్నాడు. మా తొందర మాట విని అతడు, "అయ్యగారూ, ఓడ ఏది అని తరువాత అడుగుదాం. ఎక్కేవారు ఎవరని ముందు అడగాలి" అన్నాడు. తరువాత అతడు చెప్పిన సంగతులు ఇవి.

మొదటిది మెట్లు. ఈ రెండు ఓడల్లోనూ లిఫ్టు లేదు. గదికి, భోజనానికి, పైన గాలికి, అన్నిటికీ మెట్లే. రాయల్ క్లిపర్‌లో భోజనశాల అంతస్తులుగా ఉంటుంది. చూడడానికి ఎంతో అందం, కాని పూటపూటకూ మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలి. మాస్టారి కుడి మోకాలు నాలుగేళ్ళుగా సరిగా లేదు. ఈ మాట వినగానే ఆయన చెయ్యి తనకు తెలియకుండానే మోకాలి మీదికి పోయింది.

రెండవది దిగడం. చిన్న ఓడలు పెద్ద రేవుల్లేని చిన్న దీవులకు పోతాయి. వాటి గొప్ప అదే. అయితే అలాంటి చోట ఓడ ఒడ్డుకు దూరంగా లంగరు వేస్తుంది. పక్కన వేలాడే నిచ్చెన మెట్ల మీదుగా ఊగే చిన్న పడవలోకి దిగి ఒడ్డు చేరాలి. ఒక్కొక్కచోట మోకాళ్ళలోతు నీటిలో కాలు పెట్టి నడవాలి. చీర కట్టుకునేవారు, కర్ర పట్టుకునేవారు ఇది ముందే తెలుసుకోవాలి.

మూడవది కాగితాలు. అక్కడి దీవులు ఒకే దేశం కావు. మార్టినిక్, గ్వాడెలూప్ ఫ్రాన్సువి. సెయింట్ మార్టిన్ దీవిలో ఒక భాగం ఫ్రాన్సుది, మరొక భాగం డచ్చివారిది. వర్జిన్ దీవుల్లో కొన్ని బ్రిటనువి, కొన్ని అమెరికావి. బార్బడోస్, సెయింట్ లూసియా స్వతంత్ర దేశాలు. భారతదేశపు పాస్‌పోర్టు గలవారు ఓడ ఆగే ప్రతి దీవికీ వీసా సంగతి విడివిడిగా అడగాలి. యూరపుకు ఇచ్చే షెంజెన్ వీసా ఫ్రాన్సువారి ఈ దీవులకు దానంతటదే చెల్లదు. అమెరికా నుండి బయలుదేరి మళ్ళీ అమెరికాకే రావాలంటే, ఒకసారికి మించి ప్రవేశించగల వీసా కావాలి. ఓడ ఎంత మంచిదైనా కాగితం లేనివారిని రేవులోనే ఆపేస్తారు. ఇవన్నీ ఓడ కంపెనీ నుండి వ్రాతపూర్వకంగా తెప్పించుకోమని కుమార్తెకు చెప్పాము.

ఇంతవరకు మాట్లాడినవారు మాస్టారు, మేము, ఆ యువకుడు. మాస్టారి భార్య లోపల మా సతీమణితో కలిసి చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. మా సతీమణి ఉన్నట్టుండి, "మీరందరూ మాట్లాడుకుంటున్నారు సరే, అమ్మను ఎవరైనా అడిగారా?" అన్నది. ఎవరమూ అడగలేదు. నలభై ఏళ్ళ పండుగ ఆమెది కూడా కదా!

ఆమె చాలాసేపు ఊరుకుని, తరువాత మెల్లగా చెప్పారు. ఆమె పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక దగ్గర. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్ళు. ఆ ఒక్క ఉప్పెనలో పదివేలమందికి పైగా పోయారని మన పెద్దలందరికీ జ్ఞాపకమే. ఆ రాత్రి ఆమె చేతిలోనుండి తమ్ముడి చెయ్యి జారిపోయింది. పిల్లవాడు దొరకలేదు.

మాస్టారికి ఈ సంగతి తెలియదని కాదు, తెలుసు. కాని ఎన్నో ఏళ్ళ కిందటిది, మరచిపోయి ఉంటుందనుకున్నారు. మాకూ ఒకటి జ్ఞాపకం వచ్చింది. కొన్నేళ్ళ క్రితం సంఘమంతా మంగినపూడి బీచికి వెళ్ళినప్పుడు ఆమె బస్సు దిగలేదు. తలనొప్పి కాబోలనుకుని మేము మజ్జిగ పంపించాము. అంతకుమించి అడగలేదు. కాపరి అనిపించుకునేవారికి అది చిన్న తప్పు కాదు.

ఆ రాత్రే కుమార్తె ఫోను చేసి ఏడ్చింది. "వద్దులే అమ్మా, ఓడ మానేద్దాం" అన్నది. అప్పుడు ఆ తల్లి అన్న మాట మేము మరువలేము. "మానవద్దు. మీ నాన్న ఓడ ఎక్కాలని చిన్నప్పటినుండి అనుకుంటున్నాడు. నాకు మూడు సంగతులు చెప్పండి. అక్కడ తుపానులు ఎప్పుడొస్తాయి? నాకు నేల కనబడుతుందా? నేను పడుకునే గది నీళ్ళ పక్కన ఉంటుందా?"

ప్రియులారా, ఓడల బొమ్మలు చూసి మేమంతా అడిగిన ప్రశ్నలకన్నా ఈ మూడు ప్రశ్నలే సరియైనవి. జవాబులు వెదుకుతూ పోగా ఓడ దానంతటదే తేలిపోయింది.

తుపానుల కాలం అక్కడ జూన్ 1 నుండి నవంబరు 30 వరకు. ఆగస్టు నడుమ నుండి అక్టోబరు నడుమ వరకు మరీ ఎక్కువ. 2017 సెప్టెంబరు 6న ఇర్మా అనే తుపాను సెయింట్ మార్టిన్‌ను, వర్జిన్ దీవులను ఒకే రోజున నేలమట్టం చేసినంత పని చేసింది. ఆ నెలల్లో టిక్కెట్టు చవకగా దొరికేది అందుకే. డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు వానలు తక్కువ. తూర్పు, ఈశాన్య దిక్కుల నుండి వ్యాపార పవనాలు నిలకడగా వీస్తాయి. గాలి ఉంటుంది, తుపాను ఉండదు. కుమార్తె మొదట ధర చూసి నవంబరు ఆరంభంలో అనుకున్నది. దానిని ఫిబ్రవరికి మార్చింది.

నేల కనబడే సంగతి ఇంకా ముఖ్యం. "పెద్ద ఓడ ఊగదు" అన్న మా సలహా ఇక్కడే తప్పింది. పెద్ద ఓడ కొంత నిలకడగా ఉంటుందన్నది నిజమే. అయితే ఊగడం ఓడను బట్టే కాదు, అది నడిచే నీటిని బట్టి కూడా ఉంటుంది. రాయల్ క్లిపర్ ప్రయాణం బార్బడోస్ నుండి. అది సెయింట్ లూసియా, మార్టినిక్ మీదుగా పోతుంది. ఆ దీవుల మధ్య సందుల్లోకి అట్లాంటిక్ మహాసముద్రపు అలలు నేరుగా తోసుకువస్తాయి. స్టార్ ఫ్లయర్ ప్రయాణం సెయింట్ మార్టిన్ నుండి వర్జిన్ దీవులకు. అక్కడ సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ కాలువ అనే సముద్ర భాగం ఉంది. ఒకవైపు టోర్టోలా, మరొకవైపు వరుసగా చిన్న దీవులు గోడలా నిలిచి పెద్ద అలలను ఆపుతాయి. ఎటు చూసినా పచ్చని కొండ కనబడుతుంది.

అయితే ఆ యువకుడు ఒక సంగతి దాచకుండా చెప్పాడు. సెయింట్ మార్టిన్ నుండి వర్జిన్ దీవులకు పోవాలంటే నడుమ అనెగాడా మార్గం అనే లోతైన సముద్రం దాటాలి. సుమారు 150 కిలోమీటర్లు. పోయేటప్పుడు ఒక రాత్రి, వచ్చేటప్పుడు ఒక రాత్రి. అక్కడ ఓడ ఊగుతుంది, నేల కనబడదు. "అమ్మకు ఇది ముందే చెప్పండి అయ్యగారూ. ఓడ ఎక్కాక తెలిస్తే మనం మోసం చేసినట్టుంటుంది" అన్నాడు. చెప్పాము. ఆమె తల ఊపారు.

ఇక గది. ఇలాంటి ఓడల్లో తక్కువ ధర గదులు కింది అంతస్తులో ఉంటాయి. వాటి గుండ్రని కిటికీ నీటి మట్టానికి దగ్గర. గాలి రోజున అల వచ్చి అద్దానికి కొడుతుంది. కొందరికి అది సరదా. దివిసీమ బిడ్డకు కాదు. స్టార్ ఫ్లయర్‌లో తలుపు తీస్తే నేరుగా డెక్కు మీదికి వచ్చే గదులు కొన్ని ఉన్నాయి. ధర ఎక్కువ. కుమార్తె, అల్లుడు దీవుల్లో తిరిగే టూర్లన్నీ మానుకుని ఆ డబ్బుతో పైగది తీసుకున్నారు. మాస్టారి మోకాలికి కూడా కొన్ని మెట్లు తగ్గాయి.

ఇలా చిన్న ఓడే ఖాయమైంది. ఇంకొకరికి రాయల్ క్లిపరే సరిపోవచ్చు. మోకాళ్ళు గట్టివైనవారు, తెరచాపల అందం చూడాలనుకునేవారు, అలలంటే భయం లేనివారు దానినే ఎక్కి సంతోషించవచ్చు. మరొక సంగతి. వెనుకటి కాలంలో పాండిచ్చేరి వంటి రేవుల నుండి మార్టినిక్, గ్వాడెలూప్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళిన తమిళులతో తెలుగువారు కూడా ఉన్నారు. 1853లో మొదటి ఓడ మార్టినిక్ చేరింది. తమవారి అడుగుజాడలు చూడాలనుకునేవారికి ఆ దారి మంచిదే. ఓడలు ఏటేటా దారులు మార్చుకుంటాయి గనుక, ఆ సంవత్సరపు దారి చూసిన తరువాతే డబ్బు కట్టాలి.

వారు ఫిబ్రవరిలో ఆ ప్రయాణం చేసి, మార్చిలో ఇంటికి తిరిగి వచ్చారు. వర్జిన్ గోర్డా దీవి ఒడ్డున ఇళ్ళంతేసి బండరాళ్ళు ఉన్నాయని, వాటి సందుల్లో నీళ్ళు అద్దంలా ఉన్నాయని మాస్టారు అందరికీ చెప్పారు. ఆమె మా సతీమణికి మాత్రం వేరే మాట చెప్పారట. "ఆ మొదటి రాత్రి నేను పడుకోలేదమ్మా. తలుపు తీసుకుని డెక్కు మీద కూర్చున్నాను. ఆయన కూడా మోకాలు నొప్పితోనే పక్కన కూర్చున్నారు. తమ్ముడి సంగతంతా ఆయనకు మొదటినుండి చెప్పాను. ఇన్నేళ్ళలో అంతా చెప్పింది అదే మొదటిసారి. తెల్లవారేసరికి ఎదురుగా కొండ కనబడింది."

ప్రియ పాఠకులారా, మీలో చాలామంది కరీబియన్ సముద్రం చూడకపోవచ్చు. మేమూ చూడము కాబోలు. కాని తల్లిదండ్రుల నిమిత్తం రెండింటిలో ఒకటి ఎంచే రోజు ప్రతి ఇంటికీ వస్తుంది. కంటి ఆపరేషనుకు ఈ ఆసుపత్రా, ఆ ఆసుపత్రా? పెద్దబ్బాయి ఇంట్లో ఉండాలా, చిన్నబ్బాయి ఇంట్లోనా? పైకి రెండూ ఒకేలాగుంటాయి. అప్పుడు వాటినే తిప్పి తిప్పి చూడకండి. వెళ్ళవలసిన మనిషి పక్కన కూర్చోండి. మెట్లు ఎక్కగలరా, రాత్రి లేవవలసి వస్తే ఎలా, దేనికి భయపడతారు అని అడగండి. అడిగి ఊరుకోండి. జవాబు వచ్చేవరకు చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చోండి. మన పెద్దలు తమకు కావలసింది మొదటిసారే చెప్పరు.

వచ్చే నెల మరొక సంగతితో కలుసుకుందాము.