పాత రిసీవర్‌ను తూకానికి వేసే ముందు ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి

కొన్ని ఇళ్లలో అటక మీద బరువైన పెట్టె ఒకటి దుమ్ముపట్టి ఉంటుంది. ముందువైపు అల్యూమినియం పలక, పెద్ద ట్యూనింగ్ నాబ్, పొడవాటి రేడియో డయల్. 1970, 80 దశకాల్లో కువైట్, దుబాయ్, సౌదీల నుంచి సెలవుకు వచ్చినవాళ్లు జాగ్రత్తగా మోసుకొచ్చిన స్టీరియో రిసీవర్ అది. సాన్‌సుయీ, పయనీర్, మరాంట్జ్ వంటి పేర్లు దాని మీద కనిపిస్తాయి. ఇల్లు సర్దేటప్పుడు అది కిందికి దిగుతుంది. ‘దీనికి బ్లూటూత్ లేదు, క్యాసెట్లు ఎలాగూ లేవు, ఇంకెందుకు?’ అనే మాటతో తూకానికి వెళ్లిపోతుంది.

పని చేస్తున్న రిసీవర్ విషయంలో ఈ నిర్ణయం తప్పని నా అభిప్రాయం. దానికి మీ ఫోన్, టీవీ, సీడీ ప్లేయర్, రికార్డ్ ప్లేయర్ అన్నీ ఈరోజే కలపవచ్చు. అలా కలపడం ఎందుకు సాధ్యమవుతోందో తెలుసుకుంటే, ఇప్పుడు కొంటున్న పరికరాల గురించి కూడా మనం అడగాల్సిన ప్రశ్న ఒకటి బయటపడుతుంది.

వెనక పలక చెప్పే సంగతి

రిసీవర్ అంటే ఒకే పెట్టెలో మూడు పరికరాలు: రేడియో ట్యూనర్, ఏ ధ్వనిని వినాలో ఎంచుకునే ప్రీయాంప్లిఫయర్, స్పీకర్లను నడిపే పవర్ యాంప్లిఫయర్. వెనక్కి తిప్పితే జతలు జతలుగా గుండ్రటి సాకెట్లు కనిపిస్తాయి. 1930 దశకంలో అమెరికాలోని ఆర్సీఏ సంస్థ వాడుకలోకి తెచ్చినవి కాబట్టి వీటికి ఆ పేరే నిలిచింది. వాటి పక్కన ఫోనో, ఆక్స్, టేప్ అని రాసి ఉంటుంది.

ఆక్స్‌లోకి వచ్చేది ధ్వని తరంగం ఆకారమే, వోల్టేజీ రూపంలో. గృహ పరికరాల్లో దాని స్థాయి సుమారు 0.3 వోల్టులు. సీడీ ప్లేయర్‌లో గరిష్ఠంగా 2 వోల్టుల దాకా వెళుతుంది. దీన్నే లైన్ లెవెల్ అంటారు. ఇందులో పాస్‌వర్డ్ లేదు, యాప్ లేదు, కంపెనీ అనుమతి లేదు. 1975లో తయారైన రిసీవర్‌కు 2025 నాటి ఫోన్ సంకేతం కొత్తేమీ కాదు. వోల్టేజీ సరిపడా ఉంటే పాట వినిపిస్తుంది. మీటలేని చిన్న బ్లూటూత్ రిసీవర్ ఒకటి తెచ్చి ఆక్స్‌కు కలిపితే చాలు, ఇంట్లో అందరి ఫోన్లూ దానికి చేరతాయి.

ఫోనో మాత్రం వేరు. రికార్డ్ ప్లేయర్ సూది నుంచి వచ్చేది కేవలం కొన్ని మిల్లీవోల్టులు. పైగా రికార్డు చేసేటప్పుడే మంద్ర స్వరాలను తగ్గించి, తీవ్ర స్వరాలను పెంచి గాడి కోస్తారు. లేకుంటే గాడి మరీ వెడల్పవుతుంది, సూది రాపిడి శబ్దమూ ఎక్కువగా వినిపిస్తుంది. ఫోనో సర్క్యూట్ దీన్ని తిరగేస్తుంది. 20 హెర్ట్జ్ దగ్గర సంకేతాన్ని సుమారు 9 రెట్లు పెంచి, 20 వేల హెర్ట్జ్ దగ్గర సుమారు పదో వంతుకు తగ్గిస్తుంది. 1950 దశకంలో స్థిరపడిన ఈ ప్రమాణాన్ని ఆర్ఐఏఏ వక్రరేఖ అంటారు. సీడీ ప్లేయర్‌ను ఫోనోలో పెడితే 5 మిల్లీవోల్టుల కోసం ఎదురుచూసే చోటికి 2 వోల్టులు, అంటే 400 రెట్లు వెళ్తాయి. పాట పగిలిపోయి, గుమగుమలాడుతుంది. అలా విని రిసీవర్ పాడైందనుకోవడం సులభం. తప్పు సాకెట్‌ది.

దాగి ఉన్న దారులు

‘ఆక్స్ ఒక్కటే ఉంది, అందులో టీవీ పెట్టేశాను’ అంటారా? టేప్ అని రాసి ఉన్న చోట చూడండి. అక్కడ రెండు జతలుంటాయి. ‘రెక్’ అనేది రిసీవర్ నుంచి బయటికి వెళ్లేది. ‘ప్లే’ అనేది లోపలికి వచ్చేది, అదీ లైన్ లెవెలే. అందులో సీడీ ప్లేయర్ కలిపి, ముందున్న టేప్ మానిటర్ మీట నొక్కితే అది వినిపిస్తుంది. కొన్ని రిసీవర్లలో ఇలాంటివి రెండు ఉంటాయి. అప్పుడు రేడియో, ఫోనో, ఆక్స్, టేప్ 1, టేప్ 2, మొత్తం ఐదు. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. టేప్ మీట నొక్కి ఉంటే మిగతావేవీ వినిపించవు.

ఇంకా ఎక్కువ కావాలంటే చాలామంది చేసే పొరపాటు, వై ఆకారపు కేబుల్‌తో రెండు పరికరాలను ఒకే సాకెట్‌కు కలపడం. ఒక ఔట్‌పుట్‌ను రెండు ఇన్‌పుట్‌లకు పంచడం మామూలుగా ఇబ్బంది కాదు. రెండు ఔట్‌పుట్‌లను నేరుగా ముడివేయడమే తప్పు. కారణం నిరోధంలో ఉంది. రిసీవర్ ఇన్‌పుట్ నిరోధం పదుల వేల ఓమ్‌లు, అది దాదాపు ఏ విద్యుత్తునూ లాగదు. పరికరాల ఔట్‌పుట్ నిరోధం కొన్ని వందల ఓమ్‌లే. రెండింటినీ కలిపితే ఒకదాని సంకేతం రిసీవర్ వైపు కాకుండా రెండో పరికరంలోకి దిగిపోతుంది. రెండోది ఆపేసి ఉన్నా సరే, శబ్దం తగ్గుతుంది, వక్రీకరణ వస్తుంది. దీనికి సులువైన మందు మీటలు మాత్రమే ఉండే సెలెక్టర్ డబ్బా. అందులో ఎలక్ట్రానిక్స్ ఏమీ ఉండవు, ఒకసారి ఒకే పరికరాన్ని కలుపుతుంది, కరెంటు కూడా అక్కర్లేదు.

కొత్త టీవీల్లో చాలావాటికి ఆర్సీఏ ఔట్‌పుట్ ఉండదు, ఆప్టికల్ సాకెట్ ఉంటుంది. అందులోంచి వచ్చేది అంకెలు. వాటిని వోల్టేజీగా మార్చే చిన్న డాక్ పెట్టె కావాలి. టీవీ సెట్టింగుల్లో ఆడియోను పీసీఎంకు మార్చడం మరవొద్దు. లేకపోతే శబ్దం రాకపోవచ్చు. యూరప్‌లో తయారైన పాత సెట్లకు ఆర్సీఏ బదులు ఐదు పిన్నుల డిన్ సాకెట్ ఉంటుంది. దానికి తగిన అడాప్టర్ కేబుల్ వాడాలి.

ప్లగ్ పెట్టేముందు

ఇక్కడ తొందర ప్రమాదం. ఆ రిసీవర్ ఏ దేశం కోసం తయారైందో ముందు చూడాలి. జపాన్ ఇళ్లలో 100 వోల్టులు, అమెరికాలో 120. సౌదీలో చాలాకాలం 127 వోల్టులు కూడా వాడుకలో ఉండేవి. మన 230 వోల్టులకు వాటిని నేరుగా కలిపితే కాలిపోతాయి. కొన్నింటికి వెనక వోల్టేజీ మార్చే మీట ఉంటుంది, లేనివాటికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. జపాన్ దేశీయ సెట్లలో ఎఫ్ఎం పాతకాలంలో 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే ఉండేది కాబట్టి మన స్టేషన్లు చాలావరకు అందవు. ఆక్స్, టేప్ మాత్రం మామూలుగానే పని చేస్తాయి.

అన్నీ కలిపాక ‘గుయ్’మని హమ్మింగ్ రావచ్చు. వేర్వేరు సాకెట్ల ఎర్త్‌ల మధ్య తేడా కేబుల్ తీగల్లోంచి ప్రవహించడం దీనికి ఒక కారణం. అన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలపండి, రికార్డ్ ప్లేయర్ ఎర్త్ తీగను రిసీవర్ వెనకున్న జీఎన్‌డీ స్క్రూకు బిగించండి. అంతేగానీ ప్లగ్ ఎర్త్ పిన్ను తీసేయడం పరిష్కారం కాదు. ప్రాణాలు కాపాడే పిన్ను అది. మూత విప్పే పని కూడా మెకానిక్‌కే వదలండి. ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో చార్జి ఉండిపోవచ్చు.

కలుపుకునే హక్కు

ఈ పాత యంత్రాలను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఊరికే వెలిగి ఉన్నా పదుల వాట్లు తాగుతాయి, కెపాసిటర్లు ఎండిపోతాయి, మీటల్లో చిలుము పట్టి ఒకవైపు స్పీకర్ మూగబోతుంది. డిజిటల్ అంటే శత్రువూ కాదు. బ్లూటూత్ కూడా అందరికీ తెలిసిన ప్రమాణమే, ఆప్టికల్ ఆడియో కూడా అంతే. ఇబ్బంది మూసేసిన తలుపులతోనే. వైర్ సాకెట్ ఒక్కటీ లేని స్పీకర్లు, కంపెనీ సర్వర్ లేకపోతే పాటే పాడని పరికరాలు ఇప్పుడు వస్తున్నాయి. వాటి విడిభాగాలన్నీ బాగున్నా, వాటి ఆయుష్షు తయారీదారు ఆసక్తి ఉన్నన్నాళ్లే.

2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలను పోగేసిందని, అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమేనని ఐక్యరాజ్య సమితి సంస్థలు 2024లో వెలువరించిన నివేదిక చెబుతోంది. మన దేశంలో 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. 2022 డిసెంబరులో వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రిపేర్ హక్కు’ పోర్టల్‌ను ప్రారంభించింది. రెండూ మంచివే. అయితే రీసైక్లింగ్ చివరి మెట్టు. వస్తువు ఇంకా పని చేస్తుంటే దాన్ని కరిగించడం కన్నా వాడుకోవడమే మేలు.

అందుకే రిపేర్ హక్కు పక్కన కలుపుకునే హక్కు కూడా ఉండాలంటాను. ధ్వని పరికరం ఏదైనా సరే, ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేని ఒక ఇన్‌పుట్ దానికి ఉండాలి. ఒక జత ఆర్సీఏ సాకెట్ల ఖర్చు చాలా స్వల్పం. యాభై ఏళ్ల తర్వాత వచ్చే పరికరమూ అందులో కలుస్తుందనే భరోసా మాత్రం పెద్దది. నియమాలు వచ్చేదాకా మన చేతిలో ఉన్నది ఒక ప్రశ్న. తర్వాతిసారి స్పీకరో సౌండ్‌బారో కొనేటప్పుడు ‘దీనికి వైర్ ఇన్‌పుట్ ఉందా? యాప్ లేకుండా పని చేస్తుందా?’ అని దుకాణంలో అడగండి.

ఆలోగా అటక మీది పెట్టెను కిందికి దించండి. దుమ్ము తుడిచి, వోల్టేజీ చూసి, తెలిసిన మెకానిక్ చేత ఒకసారి పరీక్ష చేయించండి. ఆక్స్‌లో ఫోన్, టేప్‌లో టీవీ కలపండి. తూకానికి వేయాలా వద్దా అన్నది ఆ పాట విన్నాక నిర్ణయించవచ్చు.