నాలుగో ఏడు సంబంధాలకు కాదు

నర్సింగ్ చదివే ఆడపిల్ల ఆఖరి సంవత్సరంలోకి వచ్చిందంటే మన ఇళ్ళల్లో రెండు మాటలు మొదలవుతాయి. "ముందు కోర్సు అవ్వనీ, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం" అనేది ఒకటి. "ఈలోగా ఏదైనా మంచి సంబంధం వస్తే చెప్పండి" అనేది రెండోది. పెళ్ళికైతే ఏడాది ముందునుంచే వెతకాలట, ఉద్యోగానికి మాత్రం చదువయ్యాక తీరిగ్గా చూసుకోవచ్చట! ఈ లెక్క ఎవరు కట్టారో గానీ, పూర్తిగా తిరగేసి కట్టారు.

"నర్సులకు ఉద్యోగాలకేం కొదవమ్మా, ఎక్కడైనా దొరుకుతాయి" అంటారు. నిజమే, దొరుకుతాయి. చిక్కంతా అక్కడే ఉంది. ఇంటి పక్క నర్సింగ్ హోమ్‌లో వారంలోపే దొరుకుతుంది. ఖాళీగా ఉండటమెందుకని చేరిపోతుంది. ఆ మొదటి ఉద్యోగమే తర్వాతి దారిని తేల్చేస్తుందని ఎవరూ చెప్పరు.

మా ఆడపడుచు కూతురు జీఎన్ఎమ్ పూర్తిచేసి, ఇల్లు దగ్గరని ఇరవై పడకల ఆసుపత్రిలో చేరింది. రెండేళ్ళయ్యాక ఎయిమ్స్ వాళ్ళ నార్‌సెట్ పరీక్ష రాద్దామనుకుంటే అర్హతే లేదని తెలిసింది. డిప్లొమా వాళ్ళకు రిజిస్ట్రేషన్‌తో పాటు, కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ళ అనుభవం ఉండాలి. "రాత్రీ పగలూ చేసిన చాకిరీ లెక్కలోకే రాదంట అత్తా" అంది. పోనీ మానేద్దామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో ఉన్నాయి. మూడు నెలల జీతం కడితేనే ఇస్తామన్నారు. ఆ పిల్ల పనిలో ఏ లోటూ లేదు. చేరేముందు అడగాల్సినవి ఇవీ అని చెప్పినవాళ్ళే లేరు.

అందుకే అంటున్నాను, బీఎస్సీ నర్సింగ్ పిల్లలకు ఏడో సెమిస్టర్‌లోనే వెతుకులాట మొదలవ్వాలి. ఎనిమిదో సెమిస్టర్ అంతా ఇంటర్న్‌షిప్పే. అంటే అప్పటికే పిల్ల వార్డుల్లో పని చేస్తూ ఉంటుంది. ఐసీయూ నచ్చిందా, లేబర్ రూమా, ఆపరేషన్ థియేటరా అన్నది అక్కడే తేలాలి. పని చూసిన సిస్టర్ ఇన్‌చార్జ్‌ని నాలుగు మంచి మాటలు రాసివ్వమని అడగాల్సిందీ అప్పుడే. కోర్సయ్యి ఇంటికొచ్చేశాక ఆవిడకు మన పిల్ల ముఖం గుర్తుండాలి కదా!

ఇంకో సంగతి. ఫలితాలు వచ్చిన రోజే ఎవరూ నర్సు అయిపోరు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కావాలి. మన పిల్లలు చాలామంది కర్ణాటకలో చదువుతున్నారు. వాళ్ళు ముందు అక్కడ రిజిస్టర్ అయ్యి, తర్వాత ఆంధ్రాకో తెలంగాణకో మార్చుకోవాలి. ఆ కాగితాలు తిరిగే రోజుల్లో వెతకడం మొదలుపెడితే, కంగారులో మొదట కనిపించిన చోటే చేరతారు. నార్‌సెట్‌కి బీఎస్సీ వాళ్ళకు అనుభవం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. కానీ చదవడం ముందే మొదలుపెట్టి ఉండాలి.

ఇంటర్వ్యూలో మన పిల్లలు చేతులు కట్టుకుని నిలబడి వచ్చేస్తారు. అలా కాదు, అడగాలి. ఎన్ని పడకలు? ఒక్క నర్సుకు ఎంతమంది పేషెంట్లు? నెలకు ఎన్ని నైట్లు? పీఎఫ్ ఉందా? అపాయింట్‌మెంట్ లెటర్ ఇస్తారా? బాండ్ రాయాలా? ఒరిజినల్స్ చూపించడానికే తప్ప అప్పగించడానికి కాదని ఇంటి దగ్గరే నేర్పి పంపండి.

జీతం అడగడానికీ సిగ్గక్కర్లేదు. 2016లో సుప్రీంకోర్టు చెప్పగా వేసిన కమిటీ, ప్రైవేటు ఆసుపత్రి ఎంత చిన్నదైనా నర్సుకు 20,000 రూపాయలకు తగ్గకూడదంది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది. చాలాచోట్ల అది కాగితం మీదే ఉండిపోయింది. అయినా ఆ అంకె తెలిసిన పిల్ల, అందులో సగానికి తలూపే ముందు ఒక్క క్షణం ఆగుతుంది.

విదేశం వెళ్ళాలనుకునే పిల్లకైతే ముందుచూపు మరీ అవసరం. జర్మనీకి భాష రావాలి, అది నెలల తరబడి నేర్చుకోవాల్సిన పని. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతోంది, అలాంటి చోట కనుక్కోండి. లక్షలడిగే ఏజెంటు గుమ్మం ఎక్కకండి. లైసెన్సున్న ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

"ఇవన్నీ నెత్తికెత్తుకుంటే చదువు పాడవదా?" అంటారు. వారానికి రెండు గంటలు ఆసుపత్రుల గురించి కనుక్కుంటే పాడయ్యే చదువు, పెళ్ళిచూపులకని నెలకు రెండుసార్లు హాస్టల్ నుంచి పిలిపిస్తే పాడవదా? "అబ్బాయి ఎక్కడుంటే అక్కడ చూసుకుంటుందిలే" అంటారు. ఈ మాట మీదే నాకు ఒళ్ళు మండేది. నాలుగేళ్ళు ఫీజులు కట్టి, రాత్రి డ్యూటీలు చేయించి, చివరికి పిల్ల ఏ ఊళ్ళో ఏ వార్డులో పనిచేయాలో ఇంకా మొహం కూడా చూడని అల్లుడి చేతిలో పెడతామా?

పెళ్ళి వద్దనడం లేదు. వరస మార్చమంటున్నాను. రిజిస్ట్రేషన్, నచ్చిన విభాగంలో మంచి ఆసుపత్రి, చేతికి రెండేళ్ళ అనుభవం. వీటితో పీటల మీద కూర్చున్న పిల్ల ఏ ఊరు వెళ్ళినా నర్సుగానే వెళుతుంది. ఏడో సెమిస్టర్‌లో ఉన్న కూతురుంటే, ఈ ఆదివారం ఫోన్‌లో "ఏం తిన్నావే" అని అడిగాక ఇంకో ప్రశ్న అడగండి: "ఏ వార్డు నచ్చింది?"